ముందు అకౌస్టిక్, తర్వాత ఎలక్ట్రిక్: ఈ వరుస ఎవరు పెట్టారు?

గిటారు నేర్చుకోవాలనుందని ఎవరితోనైనా అని చూడండి. వాయించడం వచ్చినవారూ రానివారూ ఒకే సలహా ఇస్తారు. ఎలక్ట్రిక్ జోలికి ఇప్పుడే పోవద్దు, ముందు అకౌస్టిక్ మీద చేయి తిరగనివ్వండి, వేళ్లు గట్టిపడనివ్వండి, ఆ తర్వాత చూద్దాం అంటారు. ఇంకాస్త తెలిసినవారైతే అకౌస్టిక్‌కు ముందు మరో మెట్టు కడతారు. నైలాన్ తీగలు మెత్తగా ఉంటాయి కాబట్టి మొదట క్లాసికల్ గిటారు, తర్వాత ఉక్కు తీగల అకౌస్టిక్, ఆఖరున ఎలక్ట్రిక్. ఒకటో తరగతి, రెండో తరగతి, మూడో తరగతి అన్నట్టు సాగుతుంది ఈ వరుస.

నాకిది ఎప్పుడూ మింగుడు పడలేదు. చాలా కాలంగా గిటారు వాయిస్తున్నాను కాబట్టి, మొదటి గిటారు కొనబోయే స్నేహితులు, బంధువుల పిల్లలు, ఆఫీసులో తోటివారు అప్పుడప్పుడు నన్ను సలహా అడుగుతుంటారు. వాళ్లలో కొనసాగించినవాళ్లను చూశాను, మూలన పెట్టేసినవాళ్లనూ చూశాను. మూలన పెట్టేసినవాళ్లలో చాలామంది నలుగురి మాటా విని, తాము ఎన్నడూ వినని సంగీతానికి పనికొచ్చే గిటారు కొన్నవాళ్లే. లేదంటే తీగలు మెడకు ఆమడ దూరాన ఉన్న గిటారు కొన్నవాళ్లు. కొందరి విషయంలో రెండూ కలిశాయి, పాపం.

అందుకే నా వాదన ముందే చెప్పేస్తాను. క్లాసికల్, అకౌస్టిక్, ఎలక్ట్రిక్ మూడూ మూడు వాయిద్యాలు. ఒకటి నేర్చుకుంటేగాని ఇంకొకటి పట్టుకోకూడదన్న నియమం ఎక్కడా లేదు. మీరు రోజూ వినే పాటల్లో ఏది మోగుతోందో అదే మీ మొదటి గిటారు. అది చేతికొచ్చాక పట్టించుకోవలసింది తీగల ఎత్తు. బ్రాండు, కర్ర, రంగు, పేరున్న కళాకారుడి సంతకం, ఇవన్నీ ఆ రెండింటి తర్వాతే.

ఈ మూడు గిటార్లూ ఎలా పుట్టాయో చూస్తే ఆ వరుస ఎంత వట్టిదో తెలుస్తుంది. ఏదీ నేర్చుకునేవాళ్ల కోసం పుట్టలేదు. వినబడడం కోసం పుట్టాయి. పంతొమ్మిదో శతాబ్దం నడుమ స్పెయిన్‌లో ఆంటోనియో దె టోరెస్ (1817-1892) గిటారు పెట్టెను పెద్దది చేశాడు. పైపలక పలచగా ఉండి కూడా కుంగిపోకుండా, దాని అడుగున విసనకర్ర ఆకారంలో పరిచే సన్నని బద్దల అమరికకు మెరుగులు దిద్దాడు. మోగే తీగ పొడవు 650 మిల్లీమీటర్ల దగ్గర కుదురుకున్నదీ ఆయన చేతుల మీదుగానే. నేటి క్లాసికల్ గిటారుకు అదే అచ్చు. అప్పట్లో తీగలు పేగుతో చేసేవారు. రెండో ప్రపంచ యుద్ధంతో పేగు తీగలకు కరువొచ్చింది. ఆ దశాబ్దంలోనే న్యూయార్క్‌లో ఆల్బర్ట్ అగస్టీన్ నైలాన్‌తో తీగలు చేశాడు, స్పెయిన్ గిటారు విద్వాంసుడు ఆంద్రెస్ సెగోవియా వాటిని వేదిక మీదికి తీసుకెళ్లాడు. కొత్తవాళ్ల వేళ్లకు హాయిగా ఉంటుందని నైలాన్‌ను ఎవరూ తేలేదు. పేగు దొరక్క తెచ్చారు.

అమెరికాలో జరిగింది వేరు. జర్మనీ నుంచి 1833లో న్యూయార్క్ చేరిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ కూడా పేగు తీగల గిటార్లే చేసేవాడు. బాంజోల మధ్య, ఫిడేళ్ల మధ్య గిటారు వినబడాలంటే ఉక్కు తీగలు తప్పలేదు. ఆ లాగుడుకు తట్టుకోవడానికి, లోపల ఒకదాన్నొకటి అడ్డంగా దాటే ఎక్స్ ఆకారపు బద్దలు అక్కరకొచ్చాయి. 1916లో వేరొక సంస్థ కోసం చేసి, 1931లో మార్టిన్ కంపెనీ తన పేరుతోనే అమ్మకానికి పెట్టిన డ్రెడ్‌నాట్ ఈ ప్రయాణంలో మరో మజిలీ. నడుము వెడల్పు, పెట్టె లోతు, మోత భారీ. ఇవాళ అకౌస్టిక్ అనగానే చాలామంది కళ్ల ముందు మెదిలేది ఆ ఆకారమే.

అదీ చాలలేదు. డాన్స్ బ్యాండ్లలో బాకాల హోరులో గిటారు ఎక్కడుందో తెలిసేది కాదు. 1932లో, తర్వాత రికెన్‌బ్యాకర్ పేరుతో తెలిసిన కంపెనీ విద్యుత్ గిటారును అమ్మకానికి తెచ్చింది. 1936లో గిబ్సన్ ఈఎస్-150 వచ్చింది. 1939లో బెన్నీ గుడ్‌మన్ జాజ్ బృందంలో చేరిన గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ అలాంటి గిటారుతో సాక్సఫోన్‌కు దీటుగా సోలోలు వాయించాడు. 1950లో లియో ఫెండర్ బోలు పెట్టెను పూర్తిగా పక్కన పెట్టి గట్టి చెక్కతో గిటారు చేసి అమ్మాడు. ఆయన రేడియోలు బాగుచేసే మనిషి, గిటారు వాయించడం రాదు. ప్రపంచంలో అత్యధికంగా అనుకరించబడిన గిటార్లలో కొన్ని, వాయించడం రాని మనిషి బల్ల మీద పుట్టాయన్న సంగతి నాకు ఎప్పుడు గుర్తొచ్చినా ముచ్చటేస్తుంది.

ఇందులో ప్రాథమిక పాఠశాల ఎక్కడుంది? మూడు కాలాల్లో, మూడు రకాల సభల్లో, గిటారు గొంతు పెంచడానికి జరిగిన మూడు ప్రయత్నాలివి. వీటిని తరగతులుగా పేర్చింది ఆ తర్వాతివాళ్లు. నా అనుమానం ఏమిటంటే, దానికి రెండు కారణాలున్నాయి. క్లాసికల్ గిటారుకు పాఠ్యప్రణాళిక, పరీక్షలు ఉన్నాయి కాబట్టి అది 'పునాది'లా కనబడింది. ఎలక్ట్రిక్‌కు ఆంప్లిఫయర్ వేరే కొనాలి, ఇంట్లో గోల చేస్తుంది కాబట్టి అది 'తర్వాత చూద్దాం' అయింది. ఒకటి పరీక్షల గౌరవం, రెండోది ఇంటి పెద్దల చెవుల బాధ. వేళ్ల సంగతి ఈ లెక్కలో ఎవరూ చూడలేదు.

వేళ్ల సంగతే చూద్దాం. గిటారును శ్రుతి చేశాక ఆరు తీగలూ కలిసి ఎంత బలంతో లాగుతున్నాయో తీగల తయారీదారులే లెక్కగట్టి చెబుతారు. మామూలు నైలాన్ తీగల సెట్టు లాగుడు సుమారు 39 కిలోలు. ఎలక్ట్రిక్ మీద విరివిగా వాడే 9 నంబరు సెట్టుది సుమారు 38 కిలోలు. నంబరు అంటే మొదటి తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో. ఇక అకౌస్టిక్ మీద వేసే 12 నంబరు సెట్టుది సుమారు 73 కిలోలు. డబ్బా మీద దాని పేరు 'లైట్'! తేలికైనదని చెప్పుకునే ఆ సెట్టే మిగతా రెండింటికి దాదాపు రెట్టింపు బలంతో లాగుతుంది.

తీగను ఫ్రెట్‌కు, అంటే మెడ మీద అడ్డంగా బిగించిన లోహపు మెట్టుకు, ఆనించడానికి ఎంత బలం కావాలన్నది లాగుడు మీద, ఎత్తు మీద ఆధారపడుతుంది. నొప్పికి ఇంకో కారణం కూడా ఉంది. తీగ ఎంత సన్నగా ఉంటే వేలి కొసను అంత కోస్తుంది. నైలాన్ మొదటి తీగ మందం 0.7 మిల్లీమీటర్లు. అకౌస్టిక్ మొదటి తీగ 0.3. ఎలక్ట్రిక్‌ది 0.23. నైలాన్‌కు లాగుడు తక్కువ, మందం ఎక్కువ, అందుకే మెత్తగా అనిపిస్తుంది. ఎలక్ట్రిక్ తీగ మూడింటిలోకీ సన్నమే గానీ, లాగుడు తక్కువ, పైగా మెడకు బాగా దగ్గరగా ఉంటుంది. అకౌస్టిక్‌లో తీగ సన్నం, లాగుడు ఎక్కువ, ఎత్తు కూడా ఎలక్ట్రిక్ కంటే ఎక్కువ. వేళ్ల సుఖమే కొలబద్ద అయితే అకౌస్టిక్ చివర రావాలి. మనవాళ్లు మాత్రం నేర్చుకోవడానికి దాన్నే చేతిలో పెడతారు.

అలాగని నైలాన్‌కు పట్టం కట్టేయడమూ తొందరపాటే. క్లాసికల్ గిటారు మెడ నట్ దగ్గర, అంటే తీగలు మెడ మొదట్లో ఆనుకునే ఆ చిన్న గాళ్ల పట్టీ దగ్గర, సుమారు 52 మిల్లీమీటర్ల వెడల్పు. అకౌస్టిక్‌లో 43 లేదా 44. ఎలక్ట్రిక్‌లో 42 చుట్టుపక్కల. ఆ తేడా వినడానికి చిన్నదే గానీ, చూపుడు వేలిని ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి నొక్కవలసిన బార్ కార్డ్‌ల (కార్డ్ అంటే కలిసి మోగే స్వరాల గుంపు) దగ్గర అది కొండంత అవుతుంది. పైగా క్లాసికల్ మెడ పైభాగం బల్లపరుపుగా ఉంటుంది, మిగతా రెండింటిలో కాస్త గుండ్రంగా ఉండి వేలి వంపుకు కలిసొస్తుంది. చిన్న చేతులవారికి నైలాన్ తీగ మేలు చేసిన మాట నిజమే, వెడల్పాటి మెడ ఆ మేలులో సగం వెనక్కి లాక్కుంటుందన్నదీ నిజమే. వేళ్లు లావుగా ఉండి ఒక తీగ నొక్కబోతే పక్క తీగను కూడా తాకేవారికి మాత్రం ఆ వెడల్పే వరం.

ఇక్కడ ఎదురయ్యే జవాబు నాకు బాగా తెలుసు. 'కష్టమైనదాని మీద నేర్చుకుంటే తేలికైనది దానంతటదే వస్తుంది' అంటారు. వేళ్ల కొసలు కాయలు కాయడాన్ని ఒక దీక్షలా చూసేవాళ్లున్నారు. కాయలు ఏ గిటారు మీదైనా కాస్తాయి, క్రమం తప్పక వాయిస్తే కొన్ని వారాల్లోనే కాస్తాయి, మానేస్తే పోతాయి. అవి చర్మానికి సంబంధించిన సంగతి, నైపుణ్యానికి సంబంధించినది కాదు. ఇక, అకౌస్టిక్ మీద బలంగా నొక్కడం అలవాటైన చేయి ఎలక్ట్రిక్ మీదికి వస్తే ఏం జరుగుతుందో విన్నారా? సన్నని తీగను అవసరానికి మించి నొక్కితే అది సాగుతుంది, సాగితే స్వరం పైకి జారుతుంది. శ్రుతి చేసిన గిటారే అయినా కార్డ్ పలికితే ఎక్కడో తేడాగా వినబడుతుంది. ఆ బలాన్ని తగ్గించుకోవడం మళ్లీ ఒక అభ్యాసం.

'ఎలక్ట్రిక్ తేలిక' అనేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. నొక్కడం తేలికే. ఆపడం తేలిక కాదు. ఆంప్లిఫయర్ మీరు మీటిన తీగను ఎంత పెద్దగా వినిపిస్తుందో, మీటని తీగ మీద వేలు రాసుకున్న చప్పుడునూ అంతే పెద్దగా వినిపిస్తుంది. స్వరాన్ని గరగరలాడించే డిస్టార్షన్ వేస్తే ఇంకా అన్యాయం. కాబట్టి ఎలక్ట్రిక్ వాయించేవాళ్లు కుడి అరచేతి అంచుతో కింది స్థాయి తీగలను, ఎడమచేతి వేళ్ల అడుగుభాగంతో పై స్థాయి తీగలను ఎప్పుడూ అణచి ఉంచుతారు. చూసేవారికి ఆ పని కనబడదు. అకౌస్టిక్ మీద ఎన్నేళ్లు సాధన చేసినా ఈ పని అంతగా పట్టుబడదు, ఎందుకంటే అక్కడ తీగలన్నీ కలిసి మోగడమే అందం. ఒకదాని కష్టం ఇంకొకదానికి తర్ఫీదు కాదనడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

మరి దేనికి ఏది? పాడుతూ, తానే కార్డ్‌లు వాయించుకుంటూ, నలుగురు కూర్చున్న చోట పాట మొదలుపెట్టాలనుకునేవారికి అకౌస్టిక్‌ను మించింది లేదు. తీగా, దాన్ని మీటే చిన్న బిళ్ల పిక్కూ కలిసి తాళం కూడా వేస్తాయి. అయితే అకౌస్టిక్ అంటే డ్రెడ్‌నాట్ ఒక్కటే అనుకోకండి. ఆ లోతైన పెట్టె మీదుగా కుడిచేయి వేసి కూర్చుంటే చాలామందికి భుజం పైకి లేచిపోతుంది, అరగంటకే మెడ పట్టేస్తుంది. పొట్టిగా ఉండేవారికైతే మరీను. నడుము సన్నగా, పెట్టె తక్కువ లోతుగా ఉండే ఆడిటోరియం రకాలు, ఇంకా చిన్నవైన పార్లర్ రకాలు ఉన్నాయి. మోత కొంచెం తగ్గుతుంది. ఇంట్లో సాధనకు ఆ తగ్గడం లోటేమీ కాదు. కొత్తవాళ్ల చేతిలో డ్రెడ్‌నాట్ పెట్టే అలవాటు ఎందుకు పోవడం లేదో నాకు అర్థం కాదు.

పిక్ లేకుండా వేళ్లతోనే, ఒకే గిటారు మీద రాగమూ ఆధారస్వరమూ కలిపి పలికించే సంగీతం మీకు ప్రాణమైతే క్లాసికల్ కొనండి. ఆ వెడల్పు మెడ అక్కడ శిక్ష కాదు, తీగల మధ్య కుడిచేతి వేళ్లు తిరగడానికి దొరికిన చోటు. నైలాన్ మెత్తగా ఉంటుందన్న ఒక్క కారణానికి కొని, దాని మీద పిక్‌తో గట్టిగా స్ట్రమ్మింగ్ (తీగలన్నీ ఒక్క ఊపులో మీటడం) చేస్తానంటే మాత్రం నిరాశ తప్పదు. ధ్వని మొద్దుగా వస్తుంది. పైపలకకు రక్షణగా ఉండాల్సిన పిక్‌గార్డ్ సాధారణంగా ఉండదు కాబట్టి కర్ర మీద గీతలు పడతాయి. భుజానికి పట్టీ తగిలించే గుబ్బలూ ఎక్కువ వాటికి ఉండవు, ఎందుకంటే అది ఎడమ కాలు ఎత్తు మీద పెట్టుకుని కూర్చుని వాయించే గిటారు.

రాక్, మెటల్, బ్లూస్, ఫంక్ వింటూ పెరిగినవారు సంకోచించకుండా ఎలక్ట్రిక్ కొనాలి. ఇంట్లోవాళ్లు గోల అంటారని భయపడకండి, మూడింటిలోకీ ఇంట్లోవాళ్లకు వినబడకుండా వాయించగలిగింది ఇదొక్కటే. చిన్న సాధన ఆంప్లిఫయర్‌కు హెడ్‌ఫోన్లు తగిలిస్తే అర్ధరాత్రి కూడా పక్కగదిలో నిద్ర చెడదు. బరువు మాత్రం చూసుకోండి, గట్టి చెక్క గిటారు 3 నుంచి 4 కిలోలు తూగుతుంది. మెడ పొడవులో కూడా చిన్న తేడా ఉంది. ఫెండర్ వరుసలో మోగే తీగ పొడవు 648 మిల్లీమీటర్లు, గిబ్సన్ వరుసలో సుమారు 628. అదే తీగ, అదే శ్రుతి అయితే పొట్టి మెడ మీద లాగుడు 6 శాతం తక్కువ. చేతికి ఆ తేడా తెలుస్తుంది.

ఎలక్ట్రిక్ కొనేవారికి ఒక గట్టి హెచ్చరిక. స్ప్రింగుల మీద తేలుతూ ఉండే ఫ్లాయిడ్ రోజ్ తరహా బ్రిడ్జి (పెట్టె మీద తీగల కొసలను పట్టి ఉంచే భాగం) ఉన్న గిటారు మొదటిదిగా వద్దు. ఒక తీగ బిగిస్తే బ్రిడ్జి కదిలి మిగిలిన అయిదూ శ్రుతి తప్పుతాయి. వాటిని సరిచేస్తే మొదటిది తప్పుతుంది. తీగలు మార్చడానికి షట్కోణపు కీలు, ఓపిక, సగం రోజు కావాలి. కదలని బ్రిడ్జి ఉన్నది తీసుకుంటే ఆ సమయం వాయించడానికి మిగులుతుంది. పికప్ (తీగ మోతను విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) అమర్చిన ఎలక్ట్రో అకౌస్టిక్ గురించి కూడా అడుగుతుంటారు. వేదిక ఎక్కే ఆలోచన ఇప్పట్లో లేకపోతే ఆ పికప్‌కు పెట్టే డబ్బు మంచి పైపలకకు పెట్టడం మేలు. పన్నెండు తీగలవి, ఏడు తీగలవి ప్రస్తుతానికి వదిలేయండి.

ఏ గిటారు తీగ దానికే. క్లాసికల్ గిటారుకు ఉక్కు తీగలు వేస్తే ఏమవుతుందని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. 39 కిలోల కోసం కట్టిన పెట్టె మీద 73 కిలోలు వేలాడదీస్తే పైపలక ఉబ్బుతుంది, బ్రిడ్జి లేచిపోతుంది. క్లాసికల్ మెడల్లో చాలావాటికి లోపల సరిచేసే ఉక్కు కడ్డీ కూడా ఉండదు కాబట్టి మెడ వంగుతుంది. ఎలక్ట్రిక్‌కు నైలాన్ వేస్తే విరిగేదేమీ లేదు, వినబడేదీ లేదు. అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన రాగితీగే ఎలక్ట్రిక్ గిటారు పికప్. దాని ముందు కదిలేది ఇనుమైతేనే దానికి తెలుస్తుంది.

ఇప్పుడు తీగల ఎత్తు. వాయించేవాళ్లు దీన్ని యాక్షన్ అంటారు. గిటారు కొనడం గురించి రాసే వ్యాసాల్లో ఏ కర్ర మంచిదో పేజీలకు పేజీలు ఉంటుంది, దీని గురించి ఒక వాక్యం ఉంటుంది. నా దృష్టిలో అది తలకిందులు లెక్క. మా ఆఫీసులో నా తోటి ఉద్యోగి ఒకావిడ అకౌస్టిక్ కొని, మిగతా కార్డ్‌లు బాగానే నేర్చుకుని, ఎఫ్ దగ్గర ఆగిపోయారు. చూపుడు వేలు మొదటి ఫ్రెట్ మీద పూర్తిగా పరిచి నొక్కాలి. నెలల తరబడి నొక్కినా మొదటి రెండు తీగలు టప్ టప్ మని చచ్చిన చప్పుడే. తన వేళ్లలోనే బలం లేదని తీర్మానించుకున్నారు. ఒకరోజు ఆ గిటారు తీసుకురమ్మని, మొదటి ఫ్రెట్ మీద కాపో, అంటే ఆరు తీగలనూ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు, బిగించి, అదే ఎఫ్ ఆకారాన్ని ఒక ఫ్రెట్ పైకి జరిపి పట్టమన్నాను. ఆరు తీగలూ పలికాయి. వేళ్లు నిమిషం కిందటివే. మారింది ఒక్కటే. కాపో తీగలను ఫ్రెట్ ఎత్తుకు దించింది, అంతకుముందు నట్ వాటిని అంతకంటే చాలా పైన నిలబెట్టి ఉంచింది.

ఈ సంగతి వాయించడం రానివారు కూడా కనిపెట్టవచ్చు. కొనబోయే గిటారు మీద ఒక తీగను రెండో ఫ్రెట్‌కూ మూడో ఫ్రెట్‌కూ మధ్య నొక్కి పట్టండి. ఇప్పుడు మొదటి ఫ్రెట్ దగ్గర తీగకు, లోహానికి మధ్య ఎంత సందు ఉందో పక్కనుంచి చూడండి. కాగితం దూరేంత ఉండాలి. అక్కడ తీగను వేలితో తట్టితే 'టిక్' మని సన్నగా వినబడాలి, అంటే కదలడానికి కాస్త చోటుందన్నమాట. అసలు వినబడకపోతే గాడి మరీ లోతు, ఖాళీ తీగ బరబరమంటుంది. సందులోంచి వెలుగు ధారాళంగా వస్తుంటే గాడి లోతు చాలదు. కొత్త గిటార్లలో, ముఖ్యంగా చవకరకాల్లో, ఈ రెండోదే ఎక్కువ. ఫ్యాక్టరీలో గాళ్లు కాస్త పైనే ఉంచేస్తే బరబర శబ్దం వస్తుందన్న ఫిర్యాదు రాదు. వేళ్లు నొప్పిపుట్టి మానేసినవాళ్లు ఫిర్యాదు చేయరు, తమనే తప్పుపట్టుకుంటారు.

రెండో చోటు పన్నెండో ఫ్రెట్. అక్కడ ఫ్రెట్ పైనుంచి తీగ అడుగువరకు ఉండే ఎత్తు అకౌస్టిక్‌లో లావు తీగకు రెండున్నర, సన్న తీగకు రెండు మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటే చేతికి హాయి. ఎలక్ట్రిక్‌లో ఒకటిన్నర నుంచి రెండు. క్లాసికల్‌లో నైలాన్ ఎక్కువగా ఊగుతుంది కాబట్టి మూడు, నాలుగు ఉండడం మామూలే. స్కేలు పెట్టి కొలవండి, అమ్మేవాళ్లు వింతగా చూస్తే చూడనివ్వండి. అదే చోట ఇంకో పరీక్ష కూడా అయిపోతుంది. పన్నెండో ఫ్రెట్ సరిగ్గా పైన తీగను నొక్కకుండా ఊరికే తాకి మీటితే గంట మోగినట్టు ఒక స్వరం వస్తుంది. తర్వాత అక్కడే నొక్కి మీటండి. రెండూ ఒకే స్వరం కావాలి. ఫోనులో ఉండే ట్యూనర్ తేడా ఉంటే చూపిస్తుంది. ఎలక్ట్రిక్‌లో ఆ తేడాను బ్రిడ్జి మీది మరలతో సరిచేయవచ్చు, అకౌస్టిక్‌లో అంత సులువు కాదు. కాబట్టి అకౌస్టిక్‌లో బాగా తేడా ఉంటే ఆ గిటారు అక్కడే పెట్టి రండి.

ఎత్తు ఎక్కువగా ఉందని మాత్రం గిటారు వదులుకోనక్కర్లేదు. మరమ్మతు తెలిసినవారి చేతిలో పెడితే నట్ గాళ్లను సన్నని ఆకురాళ్లతో దించుతారు, బ్రిడ్జి మీద తీగలు ఆనే శాడిల్ పట్టీని అడుగున అరగదీస్తారు, మెడ లోపలి ట్రస్ రాడ్‌ను పావు చుట్టో అరచుట్టో తిప్పి వంపు సరిచేస్తారు. దీన్నే సెటప్ అంటారు. మా సహోద్యోగి గిటారుకు జరిగింది ఇంతే. ఆ మరమ్మతు చేసినాయన నట్ దగ్గర ఆకురాయితో ఓ పదిసార్లు అటూ ఇటూ గీసి, తీగ వేసి తట్టి విని, మళ్లీ గీశాడు. కొత్త గిటారుకు డబ్బు విడిగా తీసిపెట్టుకునేటప్పుడే సెటప్‌కు కొంత పక్కన పెట్టండి. ఒక మెట్టు ఖరీదైన గిటారు కొని సెటప్ లేకుండా వాయించడం కంటే, ఒక మెట్టు తక్కువది కొని సెటప్ చేయించుకుంటే మొదటి ఏడాది ఎంతో సుఖంగా గడుస్తుంది.

'వినే సంగీతాన్ని బట్టి కొనమంటున్నారు, రేపు రుచి మారితే?' అని అడుగుతారు. మారనివ్వండి. మూడు గిటార్లలోనూ ఆరు తీగల శ్రుతి ఒక్కటే, లావు తీగ నుంచి ఇ, ఎ, డి, జి, బి, ఇ. క్లాసికల్ మీద నేర్చుకున్న సి కార్డ్ ఎలక్ట్రిక్ మీదా సి కార్డే. స్వరాల చోట్లు, కార్డ్ ఆకారాలు, తాళం, చెవి, ఇవన్నీ మీతో వస్తాయి. మారేది చేతి బరువు, కుడిచేతి పద్ధతి. వరుస అక్కర్లేదనడానికి నాకు కనిపించే అతి పెద్ద కారణం ఇదే. ఎక్కడ మొదలుపెట్టినా పక్క గదిలోకి తలుపు తెరిచే ఉంటుంది.

రెండు చోట్ల మాత్రం నా పట్టు సడలిస్తాను. ఒకటి పిల్లల విషయం. ఏడెనిమిదేళ్ల పిల్లలకు చిన్న సైజు నైలాన్ గిటారు ఇవ్వడమే సరైనది, ఆ లేతవేళ్లకు ఉక్కు తీగ అన్యాయం. అది ఒకటో తరగతి అని కాదు, శరీరం కొలత అది. రెండు, గురువు విషయం. మీకు దగ్గరలో దొరికిన మంచి గురువు క్లాసికల్ మాత్రమే చెబుతారనుకోండి, మీ మనసు అకౌస్టిక్ మీద ఉందనుకోండి. మంచి గురువు దొరకడం గిటారు దొరికినంత తేలిక కాదు. ఆయన గిటారే పట్టుకుని నాలుగు నెలలు కూర్చోవడానికి నాకు అభ్యంతరం లేదు. ఆయన 'ఎలక్ట్రిక్ సంగీతమే కాదు' అనే మనిషైతే మాత్రం ఇంకొకరిని వెతుక్కోండి.

అయినా తేలడం లేదా? రోజూ వినే పాటల్లోంచి పది రాసుకుని, ఒక్కోదానిలో మీకు నచ్చిన గిటారు చోటు దగ్గర ఆపి, అది ఏ రకమో పక్కన రాయండి. స్వరం సాగుతూ గరగరలాడుతుంటే ఎలక్ట్రిక్, మీటగానే గలగలమని రాలి చప్పున సన్నగిల్లుతుంటే ఉక్కు తీగల అకౌస్టిక్, గుండ్రంగా, మెత్తగా ఉంటే నైలాన్. ఒకదానివైపు మొగ్గు కనబడుతుంది. నిజంగానే మూడూ సమానంగా వస్తే, నా ఓటు చిన్న పెట్టె ఉక్కు తీగల అకౌస్టిక్‌కు. కాకపోతే దానికి వచ్చిన 12 నంబరు తీగలు తీసేసి 10 నంబరు వేయించండి. లాగుడు తీగ మందాన్ని దానితోనే గుణిస్తే వచ్చే వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి మొదటి తీగ మీద 30 శాతం తగ్గిపోతుంది. మోత కొంచెం పలచనవుతుంది, మెడ వంపు మారుతుంది కాబట్టి ట్రస్ రాడ్ మళ్లీ ఒకసారి చూపించుకోవాలి. ఎఫ్ చక్కగా పలికాక, మోత చాలదనిపిస్తే, 11కు, 12కు మీరే వెళతారు.